బాపు మందల నా పొడి

కోస్గి, మంగళవారం రాత్రి

గొర్లు తేన్చినప్పుడు వచ్చే మీథేన్ తగ్గాలని, నా పరిశోధన కోసం తయారుచేసిన పొడిని బాపు మందకే దాణాల కలిపి పెట్టిస్తున్న. మీథేన్ తగ్గుతనే ఉంది. గని కడుపుతోటున్న గొర్రె ఒకటి పొద్దుగాల నుంచి మేత ముట్టలె, పొట్ట ఉబ్బింది.

పొడి వల్లనేనా? తెల్వది. గైడ్ సారుకు ఫోన్ చేసిన.

"ఒక్క గొర్రె కోసం నడుమల ఆపితే ఇన్ని నెలల పని పోతది. ఆలోచించుకో," అన్నడు.

భయపడుకుంటనే ఆపేసిన. పశువుల డాక్టర్ వచ్చి సూది ఇచ్చిండు. బతుకుతదో లేదో రేపటిదాక చెప్పలేనన్నడు.

సాయంత్రం దొడ్డి కాడికి పోతే, బాపు మిగిలిన గొర్ల దాణాల పొడి కలుపుతున్నడు.

"ఆపమన్న గద బాపు."

"నీ చదువు ఆగొద్దు బిడ్డా. గొర్లదేముంది, మల్ల పుడ్తయ్."

తట్ట గుంజుకున్న.

గా మందను మేపుకుంటనే బాపు నన్ను ఇంతదాక చదివిచ్చిండు. ఇప్పుడు నాకోసం దాన్నే పోగొట్టుకుంటానికి తయారైండు. సారు కోపం కంటే నాకు గిదే ఎక్కువ భయమైతాంది.

మిగిలిన పొడి తెచ్చి నా మంచం కింద దాచిన. గొర్రె ఇంకా లేవలె. బాపు దాని పక్కకే గొంగడి పరుసుకొని పండుకున్నడు.