కుడిచెయ్యి సాక్షిగా

సొంత దుకాణంలో కోట్లు కుట్టి బతికే కటింగ్ మాస్టర్‌ని నేను. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, పట్టరాని సంతోషంతో రాయిస్తున్న వీలునామా ఇది. రాస్తున్నది నా భార్య. "పూర్తి తెలివితో" అన్నచోట ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చెల్లదు.

1. ముందు తెలివి సంగతి తేలుద్దాం. మధ్యాహ్నం కటింగ్ బల్ల మీదే, చెయ్యి తలకింద పెట్టుకుని కునుకు తీయడం నా అలవాటు. మొన్న చలికాలంలో అలా లేచేసరికి కుడి మణికట్టు వాలిపోయింది, వేళ్లు కత్తెర పట్టలేదు. తిమ్మిరి అన్నారందరూ. నోరు బాగానే ఆడుతోందిగా అన్నాడు తమ్ముడు. నా కూతురొక్కతే, "తిమ్మిరైతే ఈపాటికి చురుక్కుమనాలిగా నాన్నా!" అని నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది. మెదడు పైపొరలో చేతిని ఆడించే చోటికి రక్తం అందలేదట. చేతికేమీ కాలేదు, దానికి పని చెప్పే చోటే దెబ్బతింది! మిగతా మెదడంతా భేషుగ్గా ఉందని నరాల డాక్టరు స్కాన్ చూపించి మరీ చెప్పాడు. కాబట్టి "అన్నయ్యకి మెదడు పాడైంది, ఏం రాసినా చెల్లదు" అని వీధంతా చాటుతున్న తమ్ముడు ఇక నోరు మూసుకోవచ్చు.

2. దుకాణం, బల్ల, కత్తెరలు సర్వహక్కులతో నా కూతురికి. మూసేసి అద్దెకిద్దామన్నాడు తమ్ముడు. ఇన్ని నెలలూ నేను నోటితో కొలతలు చెబితే, అది సుద్దతో గీసి కత్తిరించింది. ఒక్క కోటూ తిరిగి రాలేదు. చంక దగ్గర గుండ్రం నాకంటే బాగా తిప్పుతుంది. ఈ ముక్క రాయించడం కొంచెం కష్టంగానే ఉంది.

3. ఇల్లు నా భార్యకి. రోజూ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి మూసిన మనిషికి ఇల్లేం సరిపోతుంది? నా దగ్గరున్నది అదే.

4. వేళ్లకి బలం రావాలని రోజూ నా చేత పిసికించిన పసుపుపచ్చ రబ్బరు బంతి ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గదికి. నన్ను ఏడిపించింది, నా చేత తిట్లు తింది. తర్వాత వచ్చేవాళ్లు కూడా మొహమాటపడక్కర్లేదు.

5. తమ్ముడికి నా నల్ల కోటు. దానిమీద నీ కన్నుందని తెలుసురా. పొట్ట దగ్గర విప్పుకోవడానికి లోపల గుడ్డ వదిలే కుట్టాను.

6. వేలిముద్ర చాలన్నారు. వెయ్యను గాక వెయ్యను! ఈ ఉదయం నా వేళ్లు సుద్దముక్క పట్టాయి, గీత గీశాయి. వంకర గీతే, అయినా ఎగిరి గంతేశాను. అందరినీ పిలవండి, తమ్ముణ్ణి కూడా. పాత సంతకంలా లేదని రేపెవరైనా అంటే, ఇకమీదట ఇదే నా సంతకమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

తేదీ: జూన్ పదకొండు

సంతకం: కటింగ్ మాస్టర్ (కుడిచేత్తో, ఎవరూ పట్టుకోకుండా)

సాక్షులు:
1. నరాల డాక్టరు
2. తమ్ముడు. అన్నయ్యే పెట్టాడు, కళ్లారా చూశాను. చెల్లుతుంది.