రెండొందల యాభై కోట్ల ఏళ్ల రాయి

12 జూన్ 2006, సోమవారం

మనోజకు ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేర్. జూబ్లీహిల్స్ గుట్ట మీద అద్దాల బిల్డింగ్. మా వంశంలో ఇంగ్లిష్‌లో ఆఫర్ లెటర్ అందుకున్న మొదటి మనిషి నా చిన్నబిడ్డ. ఆ కాగితాన్ని మా యూసుఫ్‌గూడ గల్లీలో ఏడిళ్లకు చూపించాను. ఎనిమిదో ఇంటికి పోతుంటే భూలక్ష్మి చెయ్యి పట్టుకుని లాగింది, ఇక చాలించమని. నా భార్యకు సంతోషం వస్తే బియ్యం ఏరుతుంది. ఈ రోజు నాలుగు కిలోలు ఏరింది.

ఇంకో సంగతి. అడ్రస్ రెండుసార్లు చదివించుకున్నాను. అది మా గుట్ట. పద్దెనిమిదేళ్ల కింద ఆదివారం పొద్దున టీవీలో కౌబాయ్ సీరియల్ వచ్చేది, వీధిలో పురుగు కదిలేది కాదు. దాని అవుట్‌డోర్ షూటింగ్ అంతా ఆ గుట్ట మీదే. నేను సెట్లు వేసే మోల్డింగ్ పనివాణ్ణి. జైలు తలుపు, కౌబాయ్‌లు తాగే సారా కొట్టు గోడ, కంచెకు వేలాడే ఎద్దు పుర్రె, అన్నీ ఈ చేతులే చేశాయి. ఇప్పుడు అక్కడే నా బిడ్డ ఏసీలో కూర్చుంటుంది. ఇంతకన్నా ఏం కావాలి.

19 జూన్, సోమవారం

మొదటి రోజు కదా, స్కూటర్ మీద నేనే దింపాను. పండగలా వెళ్లి మండిపడుతూ తిరిగొచ్చాను.

గుట్ట లేదు.

ఒక్క గుట్టను నాలుగు దిక్కుల నుంచి తీసి నాలుగు ఊళ్లు చేశాం మేము. తూర్పున నిలబడితే షెరీఫ్ ఊరు. పడమరకు తిరిగితే దొంగల లోయ. గుర్రాలు నీళ్లు తాగే నది అంటే, వానకు బండ మీద నిలిచిన మడుగే. కెమెరా రెండడుగులు పక్కకు తిరిగితే శ్రీనగర్ కాలనీ డాబాలు, ఆరేసిన చీరలు కనబడతాయని కెమెరామన్ రోజూ తిట్టుకునేవాడు. ఉరి తీసే బండ మూడంతస్తుల ఎత్తు. అన్నీ పేల్చేశారు. నది ఉన్న చోట కార్లు పెట్టుకున్నారు. ఆ బండలు ఎవడి సొమ్మని? అడిగేవాడే లేడా?

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎవరు కావాలన్నాడు. గుట్ట కావాలన్నాను. పక్కకు జరగమన్నాడు.

అప్పుడు కనిపించింది, గడ్డి మధ్యలో ఒకే ఒక్క రాయి. చుట్టూ స్టీలు రెయిలింగ్, ముందు బోర్డు. పోనీ ఒక్కదాన్నయినా వదిలారని మనసు చల్లబడింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మళ్లీ తుడుచుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 7

మనోజను బోర్డు మీద ఏముందని అడిగాను. రెండొందల యాభై కోట్ల ఏళ్ల సహజ శిల అట. తాకరాదట. బొంబాయి ఆర్కిటెక్ట్ ఫొటోలు చూసి, గుట్ట మొత్తంలో ఇదే అందమైన రాయి అని దీని చుట్టూ సున్నంతో గీత గీయించి, మిగతావన్నీ పేల్పించాడట. ప్రకృతిని కాపాడారని కంపెనీకి అవార్డు కూడా వచ్చిందట. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే దీన్ని చూపిస్తారట.

అది నేను చేసిన రాయి.

ఇనుప చువ్వలు, కోళ్ల గూటికి కట్టే జాలీ, సిమెంటులో ముంచిన గోనెపట్టాలు. హీరో రాతి గుహలో దాక్కుని చూస్తుంటే గుర్రాలు దాటిపోవాలి, అదీ షాట్. నిజం రాయిలో కెమెరా ఎక్కడ పడుతుంది? అందుకని లోపల బోలుగా, వెనక చిన్న తలుపుతో చేశాను. మొదట ప్లాస్టర్‌తో చేస్తే ఒక్క వానకు కరిగింది. యూనిట్ అందరి ముందు డైరెక్టర్ నన్ను కడిగేశాడు. ఆ రోషంతో సిమెంటుతో చేశాను, పదకొండు రోజులు. రంగుకు మట్టి, మసి, పేడ కూడా కలిపాను.

కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. దేవుడు చేసినవన్నీ పేల్చేసి, నేను చేసినదానికి రెయిలింగ్ కట్టారా?

20 జూన్

కోపం తగ్గలేదు.

25 జూన్, ఆదివారం

కంపెనీవాళ్లకు రెండు పేజీల ఉత్తరం రాశాను. భూలక్ష్మి దాన్ని లాక్కుని పీట కింద పెట్టి, ఆ పీట మీదే కూర్చుంది. "పోరి నౌకరిల చేరి వారం కాలే. గాళ్ల పరువు తీసి దీన్ని బజార్ల పెడ్తవా?" అంది. మనోజ మాత్రం తగువు పెట్టుకోలేదు. ఆరు నెలలు ప్రొబేషన్ అని చెప్పి, జర ఊకో నాయినా అని మెల్లగా అంది. కేకలు వేస్తే ఎదిరించేవాణ్ణి. మెల్లగా అంటే ఏం చేస్తాను?

ఊరుకున్నాను. నోరే ఊరుకుంది.

13 జూలై, గురువారం

మూడు రోజులుగా వాన. మనోజ ఆఫీసు నుంచి వచ్చి కంచం పక్కకు జరిపింది. జరిగింది చెప్పింది.

వానకు రాయి మీద అరచేయంత పెచ్చు ఊడింది. లోపల జాలీ కనబడింది. అడ్మిన్ మేనేజర్ ఆదినారాయణ గారు, కోస్తా ఆయన, గొంతు పెంచే మనిషి కాదు. ఆయనకు తోచింది ఏమిటంటే, తోట ఊడ్చే కొమురమ్మ గడ్డపార తగిలించి రాయిని పగలగొట్టి, భయపడి తీగ, సిమెంటు కుక్కి దాచిపెట్టిందని. రేపొక్క రోజు వచ్చి, తర్వాత రావద్దన్నారట. రాయిని అనుమానించడానికి ఒక్కరికీ బుద్ధి పుట్టలేదు. మనిషినే అనుమానించారు.

కొమురమ్మ ఒకే మాట అందట. "నేను ముట్టలే సారు. ముట్టద్దని బోర్డు మీద ఉన్నదని మా పిల్లలు చదివి చెప్పిండ్రు."

లేచి చెప్పులు వేసుకున్నాను. మళ్లీ విప్పి కూర్చున్నాను. బిడ్డ ముఖం వైపు చూడలేకపోయాను. అప్పుడు మనోజే అంది. "రేపు నువ్వు రా నాయినా. నేను గేటు కాడ ఉంటా."

భూలక్ష్మి నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

14 జూలై, శుక్రవారం

పని సంచీ తీసుకుని వెళ్లాను. అదే సెక్యూరిటీ. మా నాయిన అని మనోజ చెప్పింది. గేటు తెరుచుకుంది.

ఆదినారాయణ గారు వచ్చారు, కొమురమ్మను పిలిపించారు, మెడకు టైలు కట్టుకున్న మనోజ ఈడు పిల్లలు ఓ పదిమంది చేరారు. నేను రెయిలింగ్ దాటి, వేలి కణుపుతో రాయిని కొట్టాను. ఖాళీ డ్రమ్ములా మోగింది. పిల్లలు పక్కున నవ్వారు. వెనక్కి వెళ్లి ఉలితో రంగు గీరి, తలుపు సందు పట్టుకుని గుంజాను. మూడో గుంజుకు వచ్చింది. లోపల నుంచి రెండు తొండలు పారిపోయాయి. ఇది ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో చెప్పాను.

ఆదినారాయణ గారు వంగి లోపలికి చూశారు. లేచి, "మరి అవార్డు సంగతేంటండీ?" అన్నారు.

నెల రోజులు దాచుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. "అవార్డు సంగతి మీరు మీరు చూస్కోండ్రి సారు. ముందుగాల ఈ ఆడమనిషిని సోమవారం పనికి రమ్మని చెప్పుండ్రి. అందరి ముందట చెప్పుండ్రి."

ఆయన చెప్పారు. పొరపాటయిందమ్మా అని కూడా అన్నారు. మనోజ వచ్చి నా పక్కన నిలబడింది. కొమురమ్మ మాత్రం తలుపులోంచి లోపలికి చూసి నన్నే కోప్పడింది. "గింత జాగ ఉన్నదని ముందే చెప్పరాదా? ఇన్ని వానలల్ల తడిస్తి."

22 జూలై, శనివారం

ఊడిన పెచ్చు మళ్లీ నేనే వేశాను, వాళ్లు అడిగారు. మనోజ ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆమె టీంలీడర్ వచ్చి రాయిని తట్టి చూసుకుని నవ్వుకుంటూ పోయాడట. నది ఎక్కడుండేదో, ఉరిబండ ఎక్కడుండేదో ఆదినారాయణ గారికి పార్కింగ్‌లో నిలబెట్టి చూపించాను. మర్యాదగా విని వాచీ చూసుకున్నారు. పేల్చినందుకు ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ కోపం ఉంది. ఉంటుంది.

2 ఆగస్టు, బుధవారం

కొత్త బోర్డు పెట్టారు. మనోజ చదివింది. టీవీ సీరియల్ అవుట్‌డోర్ కోసం 1988లో చేసిన రాయి. చేసినది, మా ఉద్యోగి మనోజ తండ్రి.

బాలనర్సయ్య అని నా పేరు లేదు. పేరు పెట్టిస్తానంది. వద్దన్నాను.

చెప్పవలసినవాళ్లు:

మోతీనగర్ బావమరిది ఓంప్రకాష్. ఆడపిల్లకు ఎంసీఏ ఎందుకన్నవాడు. ముందు వీడికే.

మంజులత అక్క. చెవి వినబడదు, ఇంటికెళ్లి చెప్పాలి.

పెద్దల్లుడు జగదీశ్.

మనవరాలు స్ఫూర్తి. దీనికి చెబితే స్కూలు మొత్తానికి చెప్పినట్టే.

తమ్ముడు వెంకటనర్సయ్య. సినిమావాళ్లకు ఎంత చాకిరీ చేసినా నీ పేరు ఎక్కడా పడదు అనేవాడు. పడలేదనే చెప్పాలి. ఏం పడిందో తర్వాత చెప్పాలి.