అధ్యక్షుల వారు కరిగిన నాలుగు సెకన్లు

10 జూన్ 2025
ఏ కార్యమైనా ముందు విధానం రాసుకొని పిదప ఆరంభించవలెను. తుని వర్తక సంఘం మేనేజరుగా ఇరవై రెండేళ్లుగా నేను ఆచరిస్తున్న నియమమిది. తదనుసారం రాస్తున్నాను. సంఘం వెబ్‌సైట్ ముఖపేజీకి వెనుక రెండు ఫోటోలు మారుతూ ఉండును. మొదటిది అధ్యక్షులు చంద్రరావు గారిది. రెండవది మామిడి యార్డుది. ఒకటి కరుగుతుండగానే మరొకటి తేలవలెను. దీనిని ఫేడ్ అందురు.

12 జూన్
కంప్యూటర్ ఆపరేటర్ అశ్విని, ఫోటోలు మరీ బరువుగా ఉన్నాయండీ, సైజు తగ్గిద్దామండీ అంది. అధ్యక్షుల వారిని తగ్గించడమా! ఫోటోగ్రాఫర్ ఇచ్చిన పద్దెనిమిది ఎంబీలూ యథాతథంగా ఉంచాలని లిఖితపూర్వకంగా ఆదేశించాను. మీ ఇష్టమండీ, రెండోది లోడ్ అయ్యేలోపు మధ్యలో తెల్లగా వచ్చేస్తుంది, తర్వాత నన్ననకండి, అంది.

16 జూన్, ఉదయం 11
ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టారు. పెద్ద తెర మీద అధ్యక్షుల వారు చక్కగా కరిగారు. యార్డు రాలేదు. నాలుగు సెకన్లు తెరంతా తెలుపు. వెనుక వరుసలోంచి ఎవరో, ఏమండోయ్, అధ్యక్షులు ఈలోపు యానాం వెళ్లి ఓ చుక్కేసుకొస్తారంటారా, అన్నారు. సభ ఘొల్లుమంది. చంద్రరావు గారు నవ్వలేదు. ఏంటండీ మేనేజరుగారూ, బతికుండగానే తెల్లగుడ్డ కప్పేశారేంటండీ, అన్నారు.

సాయంత్రం 4
తప్పు ఎవరిదని అధ్యక్షుల వారు అడిగారు. నా ఉద్యోగ పొడిగింపు కాగితం సంతకం కాకుండా ఆయన బల్ల మీదే ఉంది. అశ్వినిది అన్నాను.

17 జూన్
ఈ రోజుతో పనిలోంచి తీసివేస్తున్నట్టు అశ్వినికి మెమో ఇచ్చాను. నా ఆదేశం ప్రతిని ముందే ఫైలులోంచి తీసేశాను. ఆమె చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెళ్లలేదు. సాయంత్రం వరకు కూర్చుంది. ఫోటోలు తేలిక చేసింది. రెండవది పూర్తిగా దిగేదాకా మొదటిది కదలకుండా కట్టడి చేసింది. కింది ఫోటోను అలాగే ఉంచి, పైదాన్ని మాత్రమే మెల్లగా తేల్చింది. ఇప్పుడు వేడి అన్నం మీద వెన్నలా కరుగుతోంది.
ఇదంతా ఎందుకమ్మా అన్నాను. చేతిలో పని అసహ్యంగా వదిలేసి వెళ్లడం నాకు చేతకాదండీ, మీకు అలవాటేమో, అంది.

20 జూన్
పొడిగింపు రెండేళ్లు. మీరుండబట్టి పరువు దక్కిందండీ అని చంద్రరావు గారు భుజం తట్టారు. నేను చేతులు జోడించాను.

3 జూలై
అధ్యక్షుల వారు కొత్త ఫోటో పంపారు. ఇరవై నాలుగు ఎంబీ. తేలిక చేయడం నాకు రాదు. అలాగే ఎక్కించబోయి అశ్విని పెట్టిన కట్టడి కూడా చెరిపేశాను. మళ్లీ తెలుపు. అశ్వినికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

4 జూలై
సర్క్యులర్. ఫోటో మారు సమయమున సభ్యులందరూ కళ్లు మూసుకొనవలెను. అందరికంటే ముందు మేనేజరు మూసుకొనును. ఇదే తుది నిర్ణయము.