మా వీధి టవరు ఒక చెవి తెరిచి పడుకొనుట గురించి

టవర్ల కరెంటు పొదుపు చూసే పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి ఫోను టవరు మధ్యాహ్నం పూట పూర్తిగా పడుకొనుట గురించి, పడుకున్నా ఒక చెవి తెరిచి ఉంచవలసిందిగా కోరుట గురించి.

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నేను సదరు టవరుకు ఎదురుమేడలో రెండో అంతస్తులో కాపురముంటున్న దానను. మా వంటింటి కిటికీ తెరిస్తే టవరే కనిపిస్తుంది. పొయ్యి కట్టేశానో లేదో అన్న బెంగ కొద్దీ నేను ఎక్కువసేపు వంటింట్లోనే ఉంటాను. అందువల్ల టవరును చూడటం అలవాటైపోయింది.

ముందుగా ఒక మాట. నేను కరెంటు పొదుపుకు వ్యతిరేకిని కాను. అనుమానముంటే మా మేడలో ఎవరినైనా విచారించవచ్చును. పగటిపూట మెట్ల దగ్గర లైటు వెలుగుతుంటే ఆర్పేది నేనే. పక్కవాటా వాళ్ళ లైటు కూడా ఆర్పి, లోపల మనిషి ఉండగా ఆర్పానని మాట పడ్డాను. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే నాకు గుండెదడ వస్తుంది. కావున ఈ అర్జీని పొదుపు గిట్టని ముసలిదాని గొడవగా ఎంచి పక్కన పెట్టవద్దని మనవి.

నా బాధలు ఈ దిగువన:

1. మావారు ఒక పెద్ద ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఈ గది ఫైలు ఆ గదికి, ఈ ఆఫీసు కాగితం ఆ ఆఫీసుకు మోయడమే. ఇప్పుడు జ్ఞాపకం జారిపోయింది. మనుషులను గుర్తుపడతారు, వస్తువులను గుర్తుపడతారు, దారి ఒక్కటే నిలవదు. అయినా భోజనం కాగానే కాళ్ళు ఊరుకోవు. చేతికి అందిన కాగితమేదో పట్టుకుని, "ఇది ఇచ్చేసి వస్తానే" అని బయలుదేరతారు. ఒకరోజు తలుపుకు తాళం వేసి చూశాను. లోపల అధికారి ఎవరో పనిలో ఉన్నాడనుకుని, మా తలుపు ముందే చేతులు కట్టుకుని నిలబడ్డారు. అది చూడలేక నేనే తాళం తీశాను.

నాకు మోకాళ్ళు పనిచేయవు. మెట్లు దిగితే మళ్ళీ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఆయన వెంట తిరగలేను గనుక ఆయన మెడలో తాడుకట్టి ఫోను వేలాడదీశాను. బొత్తాము ఒక్కటే. నొక్కితే నాకు మోగుతుంది. రోజూ ఆయనను ఇల్లు చేర్చేది ఆ ఫోనే. తమరికి తేటపడుటకు నమూనా వ్రాయుచున్నాను.

"ఏమే, నేనెక్కడున్నాను?"

"ఎదురుగా ఏముందండీ?"

"గోడ."

"గోడ మీద ఏముంది?"

"ఏమీ లేదు. కొత్తగా సున్నం కొట్టారు. సరిగ్గా కొట్టలేదు."

"పోనీండి. వెనక్కి తిరగండి. ఇప్పుడేముంది?"

"చెప్పుల కొట్టు."

"కొట్టాయన మేలుకుని ఉన్నాడా?"

"కునుకు తీస్తున్నాడు. లేపి అడగనా?"

"వద్దు. తలుపు తోసే చేతి వైపు తిరిగి నడవండి. నీళ్ళ పంపు వస్తే చెప్పండి."

కుడి, ఎడమ అంటే మావారు తికమకపడతారు. ఫైలు పట్టే చెయ్యి, తలుపు తోసే చెయ్యి అంటే మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అలా పంపు దగ్గరి నుంచి బడి గోడకు, బడి గోడ నుంచి మందుల షాపుకు తెచ్చి, మేడ కిందికి రాగానే కిటికీలోంచి చెయ్యి ఊపుతాను. ఆయన కూడా ఊపుతారు. అప్పుడు ఫోను పెట్టేస్తాము.

2. మా వీధిలో పని చేయగలవాళ్ళందరూ ఫ్యాక్టరీకి పోతారు. పిల్లలు బడికి పోతారు. మధ్యాహ్నం మిగిలేది ముసలివాళ్ళం, ఇంటిపట్టున కుట్టుపని చేసుకునేవాళ్ళు. కొంతకాలంగా సరిగ్గా ఆ వేళకే టవరు కింది పెట్టెలలో హోరు ఆగిపోవుచున్నది. హోరు ఆగగానే నా ఫోనులో సిగ్నల్ గీతలు కూడా పోవుచున్నవి. మొదట్లో నా ఫోనే చెడిందనుకుని దానిని గుడ్డతో తుడిచాను, కిటికీలో ఎండబెట్టాను. తరువాత సంగతి తెలిసింది.

3. ఈ అంశము ముఖ్యము. ఒకరోజు మావారు ఫోను చేసేసరికి ఎక్కడో పెద్ద రోడ్డు మీద ఉన్నారు.

"ఎదురుగా ఏముందండీ?"

"బస్సు."

"అది పోయిందా?"

"పోయింది. ఇంకోటి వచ్చింది."

రోడ్డులోకి దిగుతారేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఆగండి. అక్కడే ఆగండి. నేను చెప్పేదాకా అడుగు తీసి అడుగు వేయకండి," అన్నాను. తరువాతి మాట నా నోట్లో ఉండగానే ఎదురుగా టవరు కింద హోరు ఆగింది.

మళ్ళీ చేశాను, పోలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె మిషను వదిలేసి వెతకడానికి పరుగెత్తింది గానీ, ఏ రోడ్డో నేను చెప్పలేకపోయాను. బస్సులు అన్ని రోడ్ల మీదా తిరుగుతాయి. ఆమె పోయిన వైపు ఆయన లేరు.

సాయంత్రం ఫ్యాక్టరీ వదిలారు. జనం వీధిలోకి వచ్చి ఫోన్లు చెవికి పెట్టుకున్నారు. హోరు మొదలైంది. నా ఫోను మోగింది.

"ఏమే, ఇక కదలనా?"

ఎండలో అంతసేపూ నిలబడే ఉన్నారు. ఎవరో నీడలోకి రమ్మంటే వెళ్ళలేదట. ఎవరో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతే విదిలించుకున్నారట. ఇంటికి వచ్చేసరికి పాదాలు వాచి చెప్పులు ఊడిరాలేదు, కుట్టే ఆమె కత్తెరతో కోసి తీసింది. ఎందుకండీ అలా నిలబడిపోయారు అంటే, "నువ్వు ఆగమన్నావు కదే," అన్నారు. కోపంగానైనా అనలేదు.

4. మరునాడు టవరు చూసే మెకానిక్కు వస్తే కిటికీలోంచి కేకవేసి పైకి పిలిపించుకున్నాను. మనిషి మంచివాడు.

"చెడిపోలేదు పెద్దమ్మా. మేమే పడుకోబెడుతున్నాం."

"పట్టపగలు పడుకోవడమేమిటి నాయనా?"

"మాట్లాడేవాళ్ళు లేనప్పుడు ఊరికే కరెంటు తినడం ఎందుకని, పైనుంచి ఆర్డరు. దానంతటదే పడుకుంటుంది, జనం కదలిక పెరిగితే దానంతటదే లేస్తుంది. ఈలోపు పక్కపేట టవరు చూసుకుంటుంది."

"పక్కపేట టవరుకు మా వీధి కనపడుతుందా?"

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. మధ్యలో ఫ్యాక్టరీ గోదాము ఉన్నది. "కనపడదు," అన్నాడు. "కాగితం మీద కనపడుతుంది."

"పోనీ, ఎంతమంది మాట్లాడుతుంటే పడుకోకుండా ఉంటుంది?"

"అది నేను చెప్పకూడదు పెద్దమ్మా," అని మంచినీళ్ళు తాగి, "ఓ డజను మంది విడవకుండా మాట్లాడితే చాలు," అని వెళ్ళిపోయాడు.

5. ఇక్కడి నుంచి జరిగినదానికి బాధ్యత నాది. మధ్యాహ్నం మా వీధిలో ఎవరి పని వారిది. అయినా నేను గడపగడపకూ కబురు పంపితే కాదనలేదు. భోజనాలు కాగానే ఇద్దరిద్దరు చొప్పున ఫోన్లు చేసుకుని, ఫ్యాక్టరీ వదిలేదాకా మాట్లాడుతూ ఉండాలని ఏర్పాటు. పడుకున్న టవరును లేపడం మనవల్ల కాదు, కునుకు పట్టనివ్వకుండా చూడాలి. నా ఫోను మాత్రం ఖాళీగా ఉండాలి, మావారు చేస్తారు గనుక. అంచేత వీధి వీధంతా మాట్లాడుతుంటే నేనొక్కదాన్నే నోరు కట్టుకుని కూర్చునేదాన్ని.

టవరు పడుకోలేదు. మావారు వేళకు ఇంటికి వచ్చారు. కొన్నాళ్ళు బాగానే సాగింది.

తరువాత మాటలు అయిపోయినవి. కుట్టే ఆమె ఫోనును మిషను పక్కన పెట్టి కుట్టుకుంటోంది, అవతలి ఆమె ఆ చప్పుడు వింటోంది. మూడో అంతస్తు ముసలాయన రేడియో ముందు ఫోను పెట్టి నిద్రపోతున్నాడు. మందుల షాపు కోడలు వచ్చి, "పిన్నిగారూ, ఇక నావల్ల కాదు. మా అత్తగారి సంగతులన్నీ నిన్నటితో చెప్పేశాను. ఇవాళ నాకు జోడీగా ఆవిడనే వేశారు," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు అక్కాచెల్లెళ్ళకు జోడీ కుదిర్చితే, పలకరింపులు కాగానే పాత తగవు ఎత్తుకుని సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. సిగ్నల్‌కు ఆ రోజు లోటు రాలేదు గానీ, మరునాటి నుంచి ఇద్దరూ మానేశారు.

6. ఇంతలో తమ సిబ్బంది ఇద్దరు నిచ్చెనతో వచ్చి, ఈ వీధిలో మధ్యాహ్నం వాడకం విపరీతంగా ఉంది గనుక ఇంకో పెట్టె బిగించమన్నారని చెప్పారు. నేను కిటికీలోంచి వద్దని దణ్ణం పెట్టాను. అయినా బిగించారు. దానికి వేరే హోరు.

7. ఇది నన్ను తినేస్తోంది. తమరు కరెంటు మిగల్చబోయి టవరును పడుకోబెడితే, దానిని మేలుకొలిపి ఉంచడానికి మా వీధి వీధంతా పనులు మానుకుని ఫోన్లు అరగదీస్తోంది. ఇంకో పెట్టె కరెంటు తాగుతోంది. మెట్ల దగ్గర ఒక్క లైటు ఆర్పే నేను, ఒక్క మనిషి దారికోసం ఇంత దుబారాకు కారణమైతిని. అలాగని మానుదామంటే భోజనం కాగానే ఆయన కాగితం వెతుక్కుంటున్నారు. జనమా తగ్గిపోతున్నారు. నిన్న చివరిదాకా మాట్లాడినవాళ్ళు పదిమందే. నిన్న హోరు రెండుసార్లు తడబడింది. ఆయన పంపు దగ్గర ఉన్నారు.

కావున నా కోరిక ఏమనగా: టవరును అసలు పడుకోవద్దని అనుట లేదు. నేను కూడా మధ్యాహ్నం నడుం వాలుస్తాను. ఫోను గుండెల మీద పెట్టుకుని, ఒక చెవి తెరిచి పడుకుంటాను. ఎవరు మెట్లెక్కినా తెలుస్తుంది. టవరును కూడా అలాగే పడుకోమనండి. మిగతా పెట్టెలన్నీ ఆర్పేసి, ఒక్కదానిని పడకగది లైటులాగా సన్నగా వెలిగించి ఉంచవచ్చునని మెకానిక్కు చెప్పాడు. ఒక ముసలాయన బొత్తాము నొక్కితే వినపడటానికి అంతకన్నా అక్కరలేదట. పైనుంచి ఒక్క మాట రావాలట. ఆ పైన ఉన్నది తమరేనని తెలిసి వ్రాసుకుంటున్నాను. కొత్తగా బిగించిన పెట్టెను కూడా విప్పించి తీసుకుపోవలెను.

నా రాతలో ఎక్కువ తక్కువలుంటే మన్నించి, ఇంకేదీ చెవికెక్కకున్నా ఆ ఒక్క పెట్టెను వెలిగించి ఉంచే మాటైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
టవరుకు ఎదురుమేడ, రెండో అంతస్తు, వంటింటి కిటికీ.

తా.క.: పోస్టులో వేస్తే ఏ సంచిలో ఉండిపోతుందోనని భయమేసి, ఈ అర్జీని మావారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆయన చేతికిచ్చిన కాగితం చేరకపోవడమన్నది ఉద్యోగంలో ఎన్నడూ లేదు. కుట్టే ఆమె దారాలు కొనడానికి అటే వస్తూ మీ గేటు దాకా దింపుతుంది, ఆమె తిరుగు బస్సు ఎక్కాలి. కాబట్టి తమరు ఇది చదివే సమయానికి ఆయన తమ టేబులు ముందు నిలబడి ఉంటారు. మెడలో ఫోను ఉన్న మనిషి. పొద్దున్నే పంపుతున్నాను, ఆయన బయటపడేసరికి టవరు ఇంకా మేలుకునే ఉంటుంది. గేటు దాటాక తలుపు తోసే చేతి వైపు తిరిగి, బొత్తాము నొక్కమనండి, అక్కడి నుంచి నేను అందుకుంటాను. తమరికి పనులుండి మధ్యాహ్నమైపోతే మాత్రం సాయంత్రం దాకా బయటికి పంపవద్దు. కుర్చీ చూపించి కూర్చోమనండి. దాహానికి అడగరు, తమరే ఇప్పించండి. ఆగమని మాత్రం అనకండి బాబూ.