ఎనభై నాలుగు మెట్లు

బండోడికి,

ముందు మెట్లెక్కడం ఆపు. తర్వాత ఇది చదువు.

మీ అక్క పోయిన రోజు జరిగింది ఇది. ఆదివారం. పొద్దున ఆరున్నరకి ఇద్దరం మా అపార్టుమెంటు కింద నిలబడ్డాం. ఆమె చేతిలో పెట్టె, నా చేతిలో గడియారం. నాలుగంతస్తులు, అంతస్తుకి ఇరవై ఒక్క మెట్లు. ఐరోపాలో మేం తీసుకున్న గది కూడా నాలుగో అంతస్తే, లిఫ్టు లేదు. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. అందుకని ప్రాక్టీసు. మొదటిసారి ఖాళీ పెట్టెతో ఎక్కింది. రెండోసారి నిండు పెట్టెతో. పద్నాలుగు కిలోలు. నేను వెనకే ఎక్కుతున్నాను. మూడో అంతస్తులో, మా గుమ్మం ముందు, పెట్టె మీద కూర్చుండిపోయింది. నవ్వుతూనే ఉంది.

“ఏమండీ, మెట్ల మీదే పక్కేసుకోనిస్తారేమో ఆ ఇంటివాళ్ళని అడిగారా?”

“ఆగకుండా ఎక్కితేనే అలవాటవుతుంది. ఇంకొక్కసారి,” అన్నాను.

“సరే మాస్టారూ. నీళ్ళు తాగొస్తా.”

చక్రం పట్టేస్తోంది చూస్తానని పెట్టె కూడా లోపలికి లాక్కుపోయింది. నేను కిందకి దిగి నిలబడ్డాను. పది నిమిషాలు పట్టింది. విసుక్కున్నాను. లిఫ్టులో దిగి వచ్చింది. మూడోసారి ఎక్కడా ఆగలేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు. పైన నిలబడి, “పాసయ్యానా?” అని నవ్వింది. మొహమంతా చెమట. చూశాను. చూసి, నోటుబుక్కులో టైము రాసుకున్నాను.

స్నానం చేసి, కాసేపు పడుకుంటానంది. మంచం మీద ఆమె దిండు లేదు. “నీ దిండేదీ?” అంటే, “ఎక్కడో ఉంటుంది లెండి,” అని మళ్ళీ నవ్వింది. నా దిండిచ్చాను. తొమ్మిదికి ఒక్కసారి “ఏమండీ” అని పిలిచింది. వంటింట్లోంచి నేను వెళ్ళేసరికి మాట లేదు. అంబులెన్సు పద్దెనిమిది నిమిషాలకి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు చేతులకి తొడుగులు వేసుకుంటూ అడిగాడు: “పొద్దున బరువులేమైనా మోశారా? శ్రమేమైనా పడ్డారా?”

“లేదండి,” అన్నాను.

టైము రాసిన బుక్కు అప్పుడు నా జేబులోనే ఉంది. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నిజం చెబితే ఆయన ఇంకేదైనా చేసేవాడేమో కూడా తెలియదు. నీకూ అదే చెప్పాను. లేచింది, పడుకుంది, పోయింది అని. నువ్వు నమ్మావు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చావు. పది నెలలైంది.

మెట్లొక్కటే అయితే ఇంత భయం ఉండేది కాదు. పెట్టె బరువు కూడా నా వల్లే. మీ అక్క జూలైలో వెళ్దామంది. “నాలుగు నూలు బట్టలు, ఒక సంచీ, ఇద్దరం చేతులూపుకుంటూ తిరగొచ్చు,” అంది. నేను వాతావరణ కేంద్రంలో పనిచేసే మనిషిని. ఆ ఊరి ముప్ఫై ఏళ్ళ లెక్కలు తీశాను. జూలైలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన, వీధుల నిండా జనం. ఏప్రిల్ చివరి వారం మంచిదన్నాను. పొద్దున అయిదు డిగ్రీలు, మధ్యాహ్నం పదిహేను, వారంలో మూడు రోజులు చినుకులు.

“అంటే పొద్దునకో పెట్టె, మధ్యాహ్నానికో పెట్టె. వానకి గొడుగు పట్టడానికి మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్దామా?” అంది. నేను నవ్వలేదు. పట్టిక గీశాను. రెండు స్వెట్టర్లు, ఉన్ని లోదుస్తులు, వానకోటు, దళసరి కోటు, బూట్లు. కుట్టుమిషను ముందు కూర్చుని కోటుకి లోపలి జేబులు కుట్టింది. జూలై అయితే ఎనిమిది కిలోలతో పోయేది. ఏప్రిల్ కాబట్టి పద్నాలుగు. ఆ ఆరు కిలోలు నావి. తర్వాత వాచ్‌మన్ చేత ఆ పెట్టె అటకెక్కించాను. ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

ఇప్పుడు నువ్వు టికెట్టు కొన్నానంటున్నావు. ఈ ఏప్రిల్‌లో, అదే గదికి, అక్క పెట్టె నేనే మోస్తా అంటున్నావు. పోయిన వారం నువ్వు పంపిన నాలుగు లైన్లూ నాకు కంఠతా వచ్చాయి. “బావా, చలికి ఏం తెచ్చుకోవాలో పట్టిక పంపు. రోజూ మా ఆఫీసు మెట్లెక్కి ప్రాక్టీసు చేస్తున్నా. రెండో అంతస్తుకే ఆయాసం. నవ్వకు.”

నేను నవ్వలేదు. ఫోను చేసి మెట్లెక్కొద్దన్నాను. “నీకు భయం, నాకు బొజ్జ, ఎవరి బరువు వాళ్ళది,” అని పెట్టేశావు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. మొన్న కేంద్రంలో థర్మామీటర్లుండే తెల్లపెట్టె తెరిచి, తడిగుడ్డ చుట్టినదాన్ని చదివి, ఆ అంకె పొడిదాని గడిలో రాశాను. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ జరగలేదు. ఫోను మోగితే మీ ఆఫీసువాళ్ళేమో అనుకుంటున్నాను. వీధిలో ఎవరైనా చక్రాల పెట్టె ఈడ్చుకెళ్తే కిటికీ మూసేస్తున్నాను. మీ నాన్నగారు యాభై నాలుగేళ్ళకి కుర్చీలో పేపరు పట్టుకుని పోయారు. మీ అక్కకి యాభై ఆరు. నీకు వచ్చే నెల యాభై మూడు నిండుతాయి. బీమా పాలసీ రాసే ముందు ఊరందరినీ డాక్టరు దగ్గరికి పంపుతావు. నువ్వెప్పుడైనా వెళ్ళావా?

నోటితో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివాక నువ్వు నా మొహం చూడకపోవచ్చు. మాకు పిల్లలు లేరు, నాకు మిగిలింది నువ్వే. అయినా సరే. తిట్టుకో, రాకపోకలు మానెయ్. గుండె పరీక్ష మాత్రం చేయించుకో. అప్పటిదాకా మెట్లెక్కకు.

బావ

*

బావా,

నీ ఉత్తరం ఆఫీసులో అందింది. కింది మెట్టు మీద కూర్చుని చదివాను. పైకెక్కలేదు. చూశావా, జీవితంలో మొదటిసారి నీ మాట విన్నాను. వచ్చేపోయేవాళ్ళంతా “ఏంటి సార్, లిఫ్టు పాడైందా?” అని అడుగుతుంటే, “నేనే పాడయ్యాను,” అన్నాను.

పది నెలలుగా నువ్వు నాకు భయపడ్డావు. నేను నీకు భయపడ్డాను. ఆ రోజు ఏడింటికి అక్క నాకు ఫోను చేసింది. నీళ్ళు తాగొస్తానందే, అప్పుడే.

“ఒరే, మీ బావ నన్ను పరుగుపందేనికి తయారుచేస్తున్నాడురా. రెండోసారికే ఊపిరాడలేదు. ఎడమ భుజం లాగుతోంది,” అంది.

“పెట్టె మోస్తే భుజం లాగక చెవి లాగుతుందా?” అన్నాను. పకపకా నవ్వింది.

“బావకి చెప్పు, ఆపేస్తాడు,” అన్నాను.

“అందుకేరా చెప్పనిది. ఆపితే ఏకంగా ప్రయాణమే ఆపేస్తాడు. మళ్ళీ ముప్ఫై ఏళ్ళ లెక్కలు తీసి కూర్చుంటాడు. నాకు వెళ్ళాలనుంది.”

“అయితే పెట్టెలోవి సగం తీసెయ్యి. ఆయనేం తెరిచి చూస్తాడా?”

“తెలివంతా నీ దగ్గరే ఉందిరా బండోడా,” అని పెట్టేసింది. అదే చివరి మాట.

ఆయాసం ఉందా, భుజం నొప్పి ఉందా, ఇంట్లో ఎవరైనా గుండెజబ్బుతో పోయారా అని రోజుకి పదిమందిని అడిగి ఫారాలు నింపేవాణ్ణి నేను. మా అక్క తనంతట తాను చెబితే చెవి లాగుతుందా అన్నాను. నీకు చెబితే తలుపేసుకుంటావని భయం. అందుకే టికెట్టు కొన్నాను. అక్కడ ఆ నాలుగో అంతస్తు దాకా అక్క పెట్టె మోసి, పైకెక్కాక చెప్పాలనుకున్నాను. అంత దూరం వచ్చాక నన్ను వదిలేసి పోలేవు కదా.

పరీక్ష అంటావా. నాన్న, అక్క, తర్వాత వరసలో నేనే. అది ఎవరైనా కాగితం మీద రాసిస్తారని భయం బావా. నాలుగుసార్లు ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

అక్క నిజంగా బరువు తీసేసిందో లేదో నాకు తెలియదు. నువ్వా పెట్టె ఒక్కసారి తెరువు. నాకు తెలియాలి.

బండోడు

*

బండోడికి,

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. భుజం అన్న మాట దగ్గర కాగితం కింద పడేసి బాల్కనీలోకి వెళ్ళాను. తర్వాత ఆమె మొహం మీద చెమట గుర్తొచ్చింది. నీకు భుజం వినిపించింది. నాకు చెమట కనిపించింది. నేను నిన్నేమంటాను?

ఇవాళ మధ్యాహ్నం వాచ్‌మన్‌ని పిలిచి పెట్టె దింపించాను. “తేలిగ్గానే ఉంది సార్, అప్పుడు కూడా ఇంతే,” అన్నాడు. తననెవరూ అడగలేదు కాబట్టి తను చెప్పలేదన్నట్టు నిలబడ్డాడు. పెట్టెల్ని కొక్కేనికి తగిలించి తూచే చిన్న కాటా ఉంది కదా, దానికి తగిలించాను. ఏడు కిలోల ఎనిమిది వందలు. మళ్ళీ తూచాను. అంతే.

తెరవడానికి చాలాసేపు పట్టింది. పైన వానకోటు, దాని కింద ఒక స్వెట్టరు. వాటి కింద ఆమె దిండు. పెట్టె ఉబ్బెత్తుగా కనపడాలని మడిచి, కుట్టుపని టేపుతో చుట్టి కట్టింది. ఆ హడావిడిలో ఎవరో తీసుకెళ్ళి ఉంటారని పది నెలలుగా అనుకుంటున్న దిండు. మొహానికి దగ్గరగా తీసుకోలేదు. భయమేసింది. మంచం మీద దాని చోట దాన్ని పెట్టాను.

మిగతావి ఎక్కడ దాచిందో వెతికాను. దళసరి కోటు, బూట్లు, ఉన్ని బట్టలు, అన్నీ కుట్టుమిషను మీద కప్పిన దుప్పటి కింద, తొక్కుడుపలక చుట్టూ కుక్కి ఉన్నాయి. నేను ఆ దుప్పటి ఎత్తనని ఆమెకు తెలుసు. చక్రం పట్టేసిందన్నది కూడా వట్టిమాటే. బాగానే తిరుగుతోంది. మీ అక్క కాపీ కొట్టి పాసైంది. పైన నిలబడి ఎందుకలా నవ్విందో ఇప్పుడు తెలిసింది. నేనూ నవ్వాను.

ఆ ఆరు కిలోలు ఆమె మోయలేదు కదా బావా, నీ తప్పేం లేదు అని నువ్వు రాస్తావు. రాయకు. బరువు దించుకున్నా పోయింది. మెట్లెక్కించింది నేను. డాక్టరుకి లేదండి అన్నదీ నేనే. అది నాతోనే ఉంటుంది. కానీ ఆమె వెళ్ళాలనుకుంది అని నువ్వు రాసిన మాట ఇప్పటికి ఆరుసార్లు చదివాను. నా పట్టికలకి భయపడి ఒప్పుకుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

సాయంత్రం మీ ఊరి గుండె డాక్టరు ఆస్పత్రికి ఫోను చేసి రేపు తొమ్మిదిన్నరకి నీ పేరు రాయించాను. తండ్రి సంగతి, అక్క సంగతి, రెండో అంతస్తు ఆయాసం, అన్నీ చెప్పాను. “ఈమధ్య శ్రమ పడే పనులేమైనా చేశారా సార్ ఆయన?” అని అవతలి అమ్మాయి అడిగింది. “అవునమ్మా, మెట్లు,” అన్నాను.

డాక్టరు సరేనంటే సెప్టెంబరులో వెళ్దాం. పొద్దున పన్నెండు, మధ్యాహ్నం ఇరవై. ఒక స్వెట్టరు, ఒక వానకోటు, ఎనిమిది కిలోలు దాటవు. లిఫ్టున్న గది చూస్తాను. వద్దంటే ఏం చేయాలో నాకు తెలియదు. వద్దంటాడేమోనని నీకెంత భయమో నాకూ అంతే. నువ్వు గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేస్తావు కాబట్టి ఈసారి గేటు దగ్గర నేనుంటాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. తొమ్మిదికి ఆస్పత్రి గేటు దగ్గరికి రమ్మని నీకిప్పుడే ఫోను చేస్తాను. రేపు పొద్దున ఆరింటి బస్సెక్కుతాను. తొమ్మిదికి ఆస్పత్రి ముందు ఇది నీ చేతికిచ్చి, నిన్ను లోపలికి తీసుకెళ్తాను. నీ వంతు వచ్చేదాకా చదువుకో. నువ్వు పరీక్ష గదిలోకి వెళ్ళాక బయట బెంచీ మీద కూర్చుంటాను. గడియారం ఇంట్లో వదిలేసి వస్తాను.

బావ