కుడి పక్క గిటార్

జనవరి 3

ఈ ఏడాది విన్న ఆల్బమ్‌లు, వెళ్ళిన కచేరీలు ఎప్పటివప్పుడే ఇక్కడ రాసేయాలని నిర్ణయించుకున్నాను. ఏటా డిసెంబర్ ఆఖరున తమ్ముడూ నేనూ ఫోన్లో ఒక తగువు పెట్టుకుంటాం. ఏడాది మొత్తానికి ఒకే ఆల్బమ్, ఒకే కచేరీ తేల్చాలి. ముఖస్తుతి కూడదు. ఇద్దరి మాటా ఒకటయ్యేదాకా ఫోన్ పెట్టకూడదు. పోయినసారి నేనే ఓడిపోయాను. మార్చిలో విన్నది నాకు గుర్తులేదు, వాడికి గుర్తుంది. ఈసారి వాడి పప్పులు ఉడకవు.

మొదటి ఆల్బమ్: ఒక పెద్దావిడ ఒంటరిగా వాయించిన వయొలిన్. ఆవిడ కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా తీసేయకుండా ఉంచారు. పనిచేసే షాపుకి వెళ్ళేటప్పుడు బస్సులో విన్నాను, వచ్చేటప్పుడు మళ్ళీ విన్నాను. పదికి తొమ్మిది.

ఫిబ్రవరి 20

పాత సినిమా హాల్లో కచేరీ. పియానో, బేస్, డ్రమ్స్, ముగ్గురే. కుడి చివరి సీటు దొరికింది, అయినా ఒక్క చుక్క కూడా కింద పడకుండా విన్నాను. డ్రమ్స్ అతను చీపురు లాంటి కర్రలతో వాయిస్తుంటే మా ఆయన కునుకు తీశాడు. పక్కావిడ నన్ను జాలిగా చూసింది. ఇప్పటికైతే కచేరీ ఆఫ్ ది ఇయర్ ఇదే.

మార్చి 9

మా ఆయన గురక బాగా తగ్గింది. కొత్త పరుపు పుణ్యం. ముందే కొనాల్సింది.

ఏప్రిల్ 2

ఈ ఏడాది రికార్డింగ్ చేసేవాళ్ళకి ఏమైందో నాకు అర్థం కావడం లేదు. ఏ ఆల్బమ్ విన్నా పాటంతా ఎడమ పక్కకి ఒరిగిపోయి ఉంటోంది. కుడి పక్క ఎవరో తలుపు దగ్గరగా వేసినట్టుంది. నేను ప్రాణం పెట్టే గాయని కొత్త ఆల్బమ్ కూడా ఇంతే. పదికి ఐదు ఇచ్చాను, అంతకంటే తక్కువ వేయడానికి చెయ్యి రాక.

వయసుతో నాకు చాదస్తం వస్తోందా అని మా ఆయన్ని అడిగాను. చాదస్తం పెళ్ళినాటికే ఉందన్నాడు.

మే 11

తమ్ముడి ఆల్బమ్ వచ్చింది!

వాడు టైర్ల షాపులో మేనేజర్. సాయంత్రం షట్టర్ దించాక వెనక గోడౌన్‌లో నలుగురు కూడి వాయించుకుంటారు. టైర్లు చప్పుడంతా మింగేస్తాయట, అంతకంటే మంచి స్టూడియో ఎక్కడా లేదంటాడు. పాడేది ఒక లెక్కల టీచర్. మిగతా ఇద్దరిదీ డ్రమ్స్, కీబోర్డ్. వీడిది గిటార్. ఇన్నేళ్ళు వాయిస్తే ఇది తొలి ఆల్బమ్, ఎనిమిది పాటలు.

బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎనిమిదీ విన్నాను. టీచరమ్మ గొంతు అమృతం. డ్రమ్స్ దిట్టంగా ఉన్నాయి. గిటార్ మాత్రం ఎక్కడో పక్కింట్లో మోగుతోంది. వెంటనే మెసేజ్ పెట్టాను, అంతా బాగుంది కానీ నువ్వెక్కడరా, రికార్డింగ్ రోజు సెలవు పెట్టావా అని. నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టాను.

మే 12

జవాబు లేదు.

మే 15

నేనే ఫోన్ చేశాను. గిటార్ బాగుందని మిగతావాళ్ళంతా అంటున్నారే అన్నాడు. వాళ్ళు మొహమాటానికి అంటార్రా, అక్కని కాబట్టి నేను నిజం చెబుతున్నాను అన్నాను. సరేలే అక్కా అన్నాడు.

వాడు తగువు పెట్టుకోకుండా సరే అన్నాడంటే మనసు కష్టపడ్డట్టే. కానీ నేనేం చేయను? ముఖస్తుతి కూడదన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్న షరతే.

జూన్ 7

ఆల్బమ్ విడుదల కచేరీ. లైబ్రరీ మేడ మీద హాలు. ఆలస్యంగా వెళ్ళాను, ఎడమ గోడ పక్కన కుర్చీ దొరికింది. తమ్ముడు స్టేజీకి కుడి వైపున నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని ఊగిపోతూ వాయిస్తున్నాడు. చేతులు ఆడుతున్నాయి, నాకు మాత్రం సరిగ్గా ఏమీ అందడం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు వాడి సోలోకి చప్పట్లు కొడితే నేను కూడా కొట్టాను. ఎందుకు కొడుతున్నానో తెలియకుండా కొట్టాను.

అయ్యాక వెళ్ళి టీచరమ్మని మెచ్చుకున్నాను. డ్రమ్స్ అతన్ని మెచ్చుకున్నాను. తమ్ముడు పక్కనే నిలబడి వైర్లు చుడుతున్నాడు. వాడికి చెప్పడానికి అబద్ధం రాలేదు, నిజం నోటిదాకా వచ్చి ఆగింది.

జూన్ 18

హెడ్‌ఫోన్స్ రిపేర్‌కి ఇచ్చాను. అతను తన తలకి పెట్టుకుని, తల ఊపి, నిక్షేపంగా ఉన్నాయి మేడమ్ అన్నాడు. అతనికేం తెలుసు.

జూన్ 27

కొత్త హెడ్‌ఫోన్స్ కొన్నాను. అదే కథ. అంటే లోపం ఆల్బమ్‌లోనే ఉంది. నేను చెప్పిందే నిజమైంది. సంతోషించాలి కదా, సంతోషంగా లేదు.

జూలై 8, మధ్యాహ్నం

షాపు వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను.

నా ఉద్యోగం కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేయడం. పొద్దున ఒక డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. మేమిచ్చిన అద్దాలు బాగోలేవని ఇప్పటికి మూడుసార్లు మార్పించుకున్న మనిషి. మా ఓనర్ ఆయన్ని చూడగానే స్టోర్ రూమ్‌లోకి జారుకుంటాడు. ఇన్నాళ్ళూ పాత చీటీ చూసే మార్చి ఇచ్చాం, ఈసారి నేను ఆయన్ని కూర్చోబెట్టి అద్దాలు తీయించి, ఒక కన్ను మూసి చదవమన్నాను. తర్వాత రెండోది మూయమన్నాను. కుడి కంటితో పై అక్షరం కూడా కనబడలేదు. టార్చి వేసి చూస్తే కంటిపాప తెల్లగా మసకబారి ఉంది. మాస్టారూ, అద్దాలు మంచివేనండీ, కంటిలో శుక్లం ఉంది, డాక్టర్‌కి చూపించుకోండి అన్నాను. ఆయన అద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టిపోశానమ్మా అన్నారు.

ఆయన మెట్లు దిగుతుండగా, నిక్షేపంగా ఉన్నాయి మేడమ్ అన్న హెడ్‌ఫోన్స్ రిపేర్ అతను గుర్తొచ్చాడు.

అన్నం డబ్బా తెరవలేదు. హెడ్‌ఫోన్స్ తీసి తిరగేసి పెట్టుకున్నాను, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. తమ్ముడి ఆల్బమ్ పెట్టాను. డ్రమ్స్ పక్కింటికి వెళ్ళిపోయాయి. గిటార్ వచ్చింది. నిండుగా, తేటగా, నవ్వుతూ, నా ఎడమ చెవిలో. వాడక్కడే ఉన్నాడు. ఎనిమిది పాటల్లోనూ కుడి పక్కనే నిలబడి ఉన్నాడు. రెండు పాటలు విని ఆపేశాను. ఏడుస్తూ మూడోది వినలేకపోయాను.

ఆడలేక మద్దెల ఓడంటారు. నేను వినలేక మద్దెలనీ, మద్దెల వాయించేవాడినీ, చేసినవాడినీ అందరినీ అన్నాను. రోజంతా ఒక కన్ను మూయండి, రెండో కన్ను మూయండి అని ఊరందరికీ చెప్పేదాన్ని. నా చెవి మూసి చూసుకోవాలని తోచనే లేదు.

జూలై 9

రాత్రి కుడి వైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన గురక ఏమీ తగ్గలేదు. పాపం పరుపు.

జూలై 15

చెవి డాక్టర్ నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి బీప్‌లు వినిపించి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఎడమ పక్క పరీక్ష చకచకా అయిపోయింది. కుడి పక్క బటన్ నొక్కడానికి ఏమీ లేక బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను.

తర్వాత రెండు కొనల ఇనప ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి తట్టి మోగించి నా నుదుటి మీద పెట్టింది. ఏ చెవిలో వినిపిస్తోంది అని అడిగింది. కుడి చెవిలో! చెడిపోయిన చెవిలోనే గట్టిగా మోగింది. నమ్మలేక మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అక్కడే. డాక్టర్ నవ్వి, అదే మంచి గుర్తమ్మా, నరం బతికే ఉంది, చెవి లోపలి చిన్న ఎముక కదలకుండా బిగుసుకుపోయింది, ఎముక గుండా పంపితే శబ్దం వెళ్తోంది, గాలిలోంచే వెళ్ళడం లేదు అంది. ప్రాణం లేచొచ్చింది.

చెవికి వినికిడి మెషిన్ పెట్టుకోవచ్చు, లేదా ఆ ఎముక తీసి చిన్న ముక్క అమర్చవచ్చట. ఆపరేషన్ సాధారణంగా బాగానే అవుతుంది, కానీ వందలో ఒకరికి ఉన్న కాస్తా పోతుందట. తొందరేమీ లేదు, ఆలోచించుకోమంది.

ఆగస్టు 3

తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ఫోన్లో చెప్పే విషయం కాదు. టైర్ల వాసన మధ్య స్టూల్ మీద కూర్చుని రిపోర్ట్ చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. తప్పు నా చెవిదిరా, నీ గిటార్ చాలా బాగుంది అన్నాను.

వాడి మొహం వాడిపోయింది. ముందు ఆపరేషన్ గురించే అడిగాడు. రిస్క్ ఎంత, డాక్టర్ మంచావిడేనా, ఎవరు తోడొస్తారు అని. గిటార్ మాట ఎత్తితే మాత్రం తల దించుకున్నాడు. చెవి సంగతి నమ్ముతానక్కా, బాగుందన్నది మాత్రం జాలికి అంటున్నావు అన్నాడు. నువ్వు సగం చెవితో విన్నప్పుడు బాగోలేదు, ఇప్పుడు తిరగేసి వింటే బాగుందా అన్నాడు.

తర్వాత తెలిసింది, డిసెంబర్ కచేరీకి తన బదులు ఇంకెవరినైనా చూసుకోమని బ్యాండ్ వాళ్ళకి చెప్పేశాడట. గిటార్ సంచిలో పెట్టి బీరువా ఎక్కించాడట. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నా అక్క ఒక్కమాట అంటే ఇంత చేస్తాడా? చేస్తాడు. వాడికి మొదట్నుంచీ నా చెవి మీదే గురి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎవరన్నారో కానీ నన్ను చూసే అన్నారు.

ఆగస్టు 4

ఇక తిరగేసి వినను. వింటే సరిగ్గానే వింటాను.

సెప్టెంబర్ 12

మెషిన్ పెట్టుకుని వారం రోజులు చూశాను. మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి. పెద్దావిడ వయొలిన్ పెడితే రేకు డబ్బా మీద గోరు గీసినట్టుంది. బేరానికి, కబుర్లకి చాలు. నాకు చాలదు.

ఆ వందలో ఒకరు నేనైతే ఏం చేయాలని మా ఆయన్ని అడిగాను. నా గురక నుంచి శాశ్వతంగా తప్పించుకుంటావు అన్నాడు. తర్వాత చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. భయంగా ఉంది. ఆపరేషన్‌కి డేట్ తీసుకున్నాను.

అక్టోబర్ 6

అయింది.

మత్తు చెవికే ఇచ్చారు, నాకు కాదు. తల కదపకూడదు. లోపల ఏదో గోకుతున్నారు, తెలుస్తోంది, నొప్పి లేదు. ఉన్నట్టుండి నర్సు చీర గరగర వినిపించింది. అప్పుడు డాక్టర్ చాలా నెమ్మదిగా, పొద్దున ఏం తిన్నారు అని అడిగింది. కుడి చెవిలో! ఏమీ తినొద్దని మీరే కదండీ చెప్పారు అన్నాను. అందరూ నవ్వారు. నవ్వు రెండు పక్కల నుంచీ వచ్చింది. కన్నీళ్ళు చెవిలోకి పోతాయని డాక్టర్ కసిరింది.

బయట మా ఆయనా తమ్ముడూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తమ్ముడు షాపు మూసేసి వచ్చాడు.

అక్టోబర్ 7

గదంతా తిరుగుతోంది. నాలుక మీద ఇనుము రుచి. చెవి నిండా దూది.

అక్టోబర్ 17

దూది తీశారు. కాగితం మడిస్తే ఉలిక్కిపడ్డాను. షాపులో సొరుగు లాగితే, కుళాయి తిప్పితే, ఓనర్ నోట్లో నోట్లో సణిగితే, అన్నీ వినిపిస్తున్నాయి. ఇన్ని నెలలు ఆయన ఏమంటున్నాడో ఇప్పుడు తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

పాటలు మాత్రం ఇంకో నెల ఆగమంది డాక్టర్. ఇన్నాళ్ళు ఆగినదాన్ని.

నవంబర్ 22, సాయంత్రం

డాక్టర్ సరేనంది. సౌండ్ తక్కువ పెట్టుకుని, తమ్ముడి ఆల్బమ్ మొదటి నుంచీ, హెడ్‌ఫోన్స్ ఎటుండాల్సినవి అటే పెట్టుకుని విన్నాను.

గది పుట్టింది. డ్రమ్స్ ఎడమ, టీచరమ్మ మధ్యలో, వాడు కుడి. ఆవిడ ఒక మాట అంటే వాడు గిటార్‌తో అవునంటున్నాడు, కాదంటున్నాడు, ఒకచోట వెక్కిరిస్తున్నాడు కూడా. అది తగువు. మేమిద్దరం ఫోన్లో పెట్టుకునే తగువే. అందులో సగమే విని నువ్వెక్కడరా అన్నాను నేను.

మూడో పాటలో రెండో చరణం ఎత్తుకునే ముందు వాడి వేలు పక్క తీగ మీద పడింది. పడి, ఏమీ ఎరగనట్టు జారుకుంది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. సందేహం లేదు, తప్పే.

బాగుందంటే నమ్మడు కదా. మెసేజ్ పెట్టాను. మూడో పాట, రెండో చరణం ముందు, పక్క తీగ తగిలింది, అని అంతే రాశాను. బొమ్మ పెట్టలేదు. పంపాక భయం వేసింది. పోయినసారి కూడా మెసేజ్‌తోనే మొదలైంది.

నవంబర్ 23

పొద్దున్నే మా షాపు తెరవకముందే తమ్ముడు షట్టర్ దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ తప్పు వాడికి తెలుసట. రికార్డింగ్ రోజే తెలుసట. బ్యాండ్‌లో ఎవరూ పట్టలేదు, మిక్సింగ్ చేసినవాడూ పట్టలేదు, ఇన్ని నెలలూ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడట. ఎలా పట్టావే అక్కా అన్నాడు. చెవితో అన్నాను. నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మిగతాది నిజంగా బాగుందా అని అడిగాడు. బాగుందిరా, చాలా బాగుంది అన్నాను. ఈసారి నమ్మాడు.

వచ్చాడు కదా అని కళ్ళు కూడా పరీక్ష చేశాను. చూపు మంచిదే.

డిసెంబర్ 13

కచేరీ. గిటార్ బీరువా దిగింది. నేను వెనక వరసలో, సరిగ్గా మధ్యలో కూర్చున్నాను, పెద్ద చప్పుళ్ళకి జాగ్రత్తగా కుడి చెవిలో కాస్త దూదితో. సోలోకి చప్పట్లు కొట్టాను. ఎందుకు కొడుతున్నానో తెలిసి కొట్టాను. మా ఆయన కూడా మేలుకునే ఉన్నాడు.

డిసెంబర్ 31

కచేరీ ఆఫ్ ది ఇయర్: తమ్ముడిదే. ఇద్దరి మాటా ఒకటయింది.

ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్: పెద్దావిడ వయొలిన్. తమ్ముడిది రెండోది. ఒప్పుకోవడం లేదు. కుడి చెవిలో అరుస్తున్నాడు. ఫోన్ ఆ చెవికే పెట్టుకుని కూర్చున్నాను.