మామయ్య చెప్పిన అమ్మమ్మ

అన్నయ్యకి,

ఇక్కడ అందరం కులాసా అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

నీ మేనకోడలిని బడిలో ఇంటి పెద్దల గురించి ఒక పుస్తకం రాసి తెమ్మన్నారు. నేను డ్యూటీకి వెళ్లే తొందరలో ఉండి, అమ్మమ్మ సంగతులు మామయ్యనడుగు అని నేనే నీకు ఫోన్ కలిపిచ్చాను. తప్పు నాదే.

అమ్మమ్మ పెద్దాసుపత్రిలో నర్సు అని చెప్పావట. పిల్ల నమ్మి రాసుకుంది. పక్కన తెల్ల టోపీతో అమ్మమ్మ బొమ్మ కూడా వేసింది.

అమ్మ ఆ ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లు నెత్తుటి దుప్పట్లు ఉతికింది. బట్టల సోడా నీళ్లకు వేళ్లు పగిలి, తను చెంచాతో తినేది. నీ పరీక్షల రోజుల్లో మాత్రం అదే చేత్తో కలిపి నీకు ముద్దలు పెట్టేది. ఉప్పు తగిలి మండుతున్నా పైకి అనేది కాదు. ఆ పని చెప్పుకోవడం నామోషీ అయితే, నాకు గుర్తులేదమ్మా అని ఊరుకోవాల్సింది. నీకు అన్నీ గుర్తున్నాయి. గుర్తున్నాయి కాబట్టే నర్సుని చేశావు.

నిన్న పిల్లకి నిజం చెప్పాను. అమ్మ పోయాక ఆ లాండ్రీ తొట్టి దగ్గరే నాకు పని ఇచ్చారు కదా, అమ్మమ్మ చేసిందీ నా పనే అన్నాను. రబ్బరు తీసి చెరిపేస్తుందనుకున్నాను. చాలాసేపు నా చేతులకేసి చూసింది. బొమ్మ చెరపలేదు. పేజీ తిప్పి, పైన ‘మా అమ్మ’ అని రాసి, మెల్లగా అడిగింది.

“అమ్మా, నిన్ను కూడా నర్సు అనే రాయనా?”

నీ చెల్లెలు